నెమరు వేసి బేరమాడిన ఎద్దు

మృగాలకు కూడా సంతలూ సత్రాలూ, మాటకు కట్టుబాటూ ఉన్న రోజుల సంగతి ఇది. కందరాచలమనే కొండ వాలులో కొన్ని పశువులూ పక్షులూ కలిసి జొన్నచేను సాగు చేసుకుంటూ బతికేవి. ఆ యేటి వేసవిలో కారుచిచ్చు రేగి విత్తనాల గాదె బూడిదైంది. చేను దున్ని సిద్ధంగా ఉంది. మృగశిర కార్తె ఇరవై రోజుల దూరంలో ఉంది. చల్లడానికి గింజ లేదు.

కొండమీది ప్రాణులన్నీ కూడి ఆలోచించాయి. ఎలుగుబంట్లు తాము దాచుకున్న తేనె అంతా తెచ్చి పన్నెండు వెదురు గొట్టాలలో నింపాయి. దానిని విపణిపురానికి తీసుకువెళ్ళి, బదులుగా జొన్నవిత్తనాలు తేవాలని నిర్ణయమైంది. మోసుకుపోవడానికి స్థిరపాదుడనే ఎద్దును ఎంచారు. అతడు ఏనాడూ నగరం చూసినవాడు కాడు. వయసు మళ్ళినా మూపు వంగలేదు, మాట తూలలేదు. గొట్టాలను మూపున కడుతూ పెద్ద ఎలుగు ఒక్కమాటే అన్నది: చిచ్చులో పూలచెట్లు కూడా పోయాయి గనుక మరో తేనెపట్టు ఈ కొండ మీద ఇప్పట్లో కట్టదు, ఈ పన్నెండు గొట్టాలకు మంచి విత్తనం దొరికితే ఊరు నిలుస్తుంది, లేకపోతే లేదు. స్థిరపాదుడు తల ఊపి బయలుదేరాడు.

ఆరోనాటి ఉదయం అతనికి విపణిపురం కనబడింది.

రెండు నదులు ఒకదానిలో ఒకటి కలిసే చోట, ఏ ఏనుగు తొండమూ ఎత్తగలిగింది కాదనిపించే శిలాఫలకాన్ని నెత్తిన మోస్తూ రెండు బండలు నిలిచి ఉన్నాయి. అదే పురద్వారం. దాని ముందు బారులు తీరిన యాత్రికులలో ఒక పెద్దపులి ఉంది. గోళ్ళు లోపలికి ముడుచుకుని, తన ముందున్న దుప్పి నడిస్తే తానూ నడుస్తూ, దుప్పి ఆగితే తానూ ఆగుతూ అది వస్తోంది. ద్వారం లోపల ఎంత ఆకలైనా వేటాడకూడదని ఆ నగరపు మొదటి కట్టుబాటు. ఆ దృశ్యం చూసి స్థిరపాదుని గుండె నిండిపోయింది. ఇంతటి క్రూరత్వం ఇంత నెమ్మదిగా వరుసలో నిలబడగలదని అతడు ఎన్నడూ ఊహించలేదు.

లోపలికి అడుగు పెట్టాక అతనికి ఎటు చూడాలో తెలియలేదు. వట్టివేళ్ళూ చందనపు చెక్కలూ గుట్టలు పోసిన వీధి నుంచి చల్లని పరిమళం పారుతోంది. ఉప్పు వీధిలో సముద్రతీరం నుంచి వచ్చిన ఉప్పుగడ్డలు తెల్లని కొండల్లా వరుస తీరి ఉంటే, కృష్ణజింకలు వాటిని నాకి, కళ్ళు మూసుకుని, నాణ్యం చెబుతున్నాయి. కొంగలు దీవుల నుంచి తెచ్చిన పండ్ల రంగులకు అతనికి పేర్లు రాలేదు. గున్న ఏనుగులు తొండాలతో నీరు చిమ్మి దుమ్ము అణచుతుంటే ఆ తుంపరలలో వీధికొక ఇంద్రధనుస్సు లేచి వాలుతోంది. లెక్కలేనన్ని గొంతులు కలిసి ఒకే గంభీరనాదమై, దూరపు జలపాతంలా వినబడుతున్నాయి. స్థిరపాదుడు నిలబడిపోయాడు. ఈగలు తోలే తన తోకను కూడా కదపడం మరిచాడు.

"అన్నగారూ, తల అంత పైకెత్తి చూస్తే మీరు కొత్తవారని ఊరంతటికీ తెలిసిపోతుంది," అన్నది పక్కన ఒక మెత్తని గొంతు.

అతడు చూశాడు. నున్నగా దువ్వుకున్న ఒంటితో ఒక నక్క నిలబడి ఉంది.

"కొత్తవాడినే కదా నాయనా. తెలిస్తే తప్పేముంది?" అన్నాడు.

నక్క తన పేరు మృదువచనుడని చెప్పుకుంది. యాత్రికులకు నగరం చూపించడం తన వంశపు వృత్తి అనీ, వచ్చినవారి నోట తమ ఊరి కీర్తి వినడమే తన కూలి అనీ చెప్పింది. మాటల్లోనే అతడు ఏ కొండవాడో, ఏమి కొనవచ్చాడో, మూపున ఉన్నది ఏమిటో రాబట్టుకుంది. తేనె మాట వినగానే దాని చెవులు ఒక్కసారి నిక్కి, మళ్ళీ వినయంగా వాలాయి.

ముందు భోజనం కానిమ్మని అది అతనిని ద్వారం పక్కనే నెమలి ఈకలు కట్టిన ఒక భోజనశాల దగ్గరికి తీసుకుపోయింది. గుమ్మంలో ఒక గోరువంక నలభై వంటకాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చదువుతోంది. ఆవిర్లు, ఘుమఘుమలు. స్థిరపాదుడు లోపలికి తొంగిచూసి కాసేపు ఆలోచించాడు.

"నాయనా, ఇక్కడ తినేవాళ్ళందరి పక్కనా మూటలున్నాయి. మూటలు లేనివాళ్ళు ఎక్కడ తింటారు?"

నక్క నవ్వింది. ఊరివాళ్ళు తినేది కూలితిండి అనీ, అది అతిథులకు పెట్టేది కాదనీ అన్నది. అంతలో బరువులు దించిన గాడిదలు నాలుగు ఒక సందులోకి మళ్ళడం ఎద్దు చూశాడు. ఏమీ అనకుండా వాటి వెనక నడిచాడు. నక్కకు వెంట రాక తప్పలేదు.

సందు చివర మేకవ్వ నడిపే పూటకూళ్ళ ఇల్లు ఉంది. గడ్డి కప్పు, నాపరాళ్ళ తొట్లు. తవుడు కలిపిన కుడితీ, తెలగపిండీ, పక్కన చింతచిగురూ. అంతే వంటకాలు. మొదటి గుక్కకే ఎద్దు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత మహానగరంలో కూడా ఒక ముసలమ్మ చేతి కుడితి తన కొండమీది కుడితిలాగే ఉండటం అతనికి ఉప్పుకొండల కన్నా పెద్ద వింతగా తోచింది. తవుడు వాసన పడని నక్క సందు మొదట్లోనే ఆగిపోయింది.

"ఎవరయ్యా నువ్వు, మూట దించకుండా తింటున్నావు?" అని అడిగింది మేకవ్వ.

"దించితే మరిచిపోతానేమో అవ్వా."

"నువ్వు మరిచిపోయినా ఆ సందు మొదట నిలబడ్డవాడు మరిచిపోడులే. కూర్చో."

ఆమె అతనికి రెండోసారి కుడితి పోయలేదు. కొత్త నీళ్ళకు ఒళ్ళు అలవాటుపడేదాకా తొలిపూట అరకడుపే తినాలన్నది. దాహమైతే వీధి తొట్లలో కాక, నదులు కలవకముందున్న ఎగువ రేవుకు పోయి పారే నీళ్ళు తాగమన్నది. కొనేటప్పుడు ఏ వీధినైనా మూట విప్పకుండా ఒకసారి చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చేటప్పుడే ఆగాలట. లోపలికి పోయేవాణ్ణి కాక, కొని బయటికి వచ్చేవాణ్ణి ఎలా ఉందని అడగాలట. చెబుతూ చెబుతూ ఆమె మధ్య మధ్య దవడలు ఆడిస్తూనే ఉంది. ఉదయం తిన్న చిగురు ఇంకా నెమరులో ఉంది.

చివరికి ఆమె ఆ ఊరి అంగడి ధర్మం చెప్పింది. కొనేవాడు గోతం మీద కాలు మోపితే బేరం ముగిసినట్టే; ఆ తరువాత దాన్ని తిప్పే హక్కు అంగడిపెద్దకు కూడా లేదు. అయితే అంతకు ముందు రుచి చూడటానికి కొనేవాడికి హక్కుంది. ఆ రుచి నోట ఉన్నంతసేపు అమ్మేవాడు తొందరపెట్టకూడదు, ఆ సరుకును మరొకరికి అమ్మకూడదు, దుకాణం కట్టేయకూడదు. "ఈ కట్టుబాటు పెట్టింది పూర్వకాలపు పిచ్చుకలు. వాటి నోట రుచి ఎంతసేపు నిలుస్తుంది? చిటికెలో అయిపోతుంది. అందుకే వర్తకులు ఎవరూ దీన్ని ఏనాడూ బరువుగా తీసుకోలేదు," అన్నది.

సందు మొదట కాచుకున్న నక్క మళ్ళీ వెంట నడిచింది. విత్తనాల వీధి చూసిన స్థిరపాదునికి భూమి మీద ఇన్ని విధాల గింజలున్నాయా అనిపించింది. పసుపు కొర్రలు, నల్లని మినుములు, గోరింట రంగు రాగులు, పచ్చలు పోసినట్టు పెసలు. ప్రతి గోతంలోనూ ఒక చేను, ప్రతి గింజలోనూ ఒక వాన నిద్రపోతున్నట్టు ఉంది. అతడు ఆ గింజలకు మనసులో నమస్కరిస్తూ, మేకవ్వ చెప్పినట్టు, వీధి చివరి దాకా నడిచాడు. చివర ఒక పిచ్చుక దంపతుల చిన్న దుకాణంలో మట్టి అంటిన మసక జొన్నలున్నాయి. నక్క అటు చూడనివ్వలేదు. కార్తె ముంచుకొస్తోందనీ, కొండ మీద అందరూ ఎదురుచూస్తుంటారనీ, మంచి సరుకు మధ్యాహ్నం దాకా ఆగదనీ చెబుతూ అతనిని వీధి నడుమ ఉన్న పెద్ద దుకాణానికి మళ్ళించింది.

ఆ దుకాణం గర్తపాలుడనే పందికొక్కుది. అక్కడి జొన్నలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. అసలు సంగతి ఏమిటంటే అవి కిందటేటి గింజలు. పురుగు పడితే వేడి ఇసుకలో వేయించి, జల్లెడ పట్టి, ఆముదం రాసి నిగనిగలాడేలా చేశాడు. పురుగుతోపాటే గింజ లోపలి ప్రాణమూ పోయింది. అవి తినడానికి పనికివస్తాయి, మొలవడానికి రావు. కొన్నవాడికి ఆ సంగతి తెలిసేసరికి వాన వచ్చి వెళ్ళిపోతుంది. ఇలా తెచ్చిపెట్టిన ప్రతి యాత్రికుని మూటలోనూ మూడోవంతు నక్కకు ముడుతుంది.

గర్తపాలుడు అరచేయంత ఆకులో చిటికెడు గింజలు రుచికి పెట్టాడు. నక్క నొచ్చుకున్నట్టు ముఖం పెట్టింది. తిన్నవాడు కాదనలేడన్నది దాని ఇన్నేళ్ళ అనుభవం.

"కొండంత అన్నగారికి చిటికెడేమిటి బావా? తట్టెడు పెట్టు. మన ఊరి మర్యాద ఏం కావాలి?"

తట్టెడు జొన్నలు వచ్చాయి. ఎద్దు నాలుగు కబళాల్లో వాటిని ముగించాడు.

"బాగున్నాయా అన్నగారూ?"

"ఇంకా తెలియదు."

"తిన్నారు కదా?"

"మింగాను నాయనా. ఇంకా తినలేదు," అని స్థిరపాదుడు దుకాణం గుమ్మానికి అడ్డంగా, నాలుగు కాళ్ళూ ముడుచుకుని పడుకున్నాడు. కళ్ళు అరమోడ్చాడు. కొంతసేపటికి అతని గొంతులో ఏదో పైకి వచ్చింది. దవడలు నెమ్మదిగా కదలసాగాయి.

నక్కకు జరుగుతున్నది అర్థం కాలేదు. మాంసం మింగి మరిచిపోయే జాతి దానిది. ఒకసారి లోపలికి పోయిన తిండి మళ్ళీ విచారణకు వస్తుందని దాని వంశంలో ఎవరూ వినలేదు. కాలు మోపితే బయలుదేరవచ్చని అది గుర్తు చేసింది. రుచి నోట ఉందని ఎద్దు సైగ చేశాడు. నక్క కొండ మీది పిల్లల ఆకలి గురించి చెప్పింది. దవడలు కదులుతూనే ఉన్నాయి. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. లోపలికి రావడానికి దారి లేక కొనేవాళ్ళు వీధిలో నిలబడి ముసిముసిగా నవ్వుకోసాగారు. గర్తపాలుడు ఎద్దు కొమ్ముల సందు నుంచి తొంగిచూస్తూ, బావను నానా మాటలూ అన్నాడు.

"తట్టెడు పెట్టమన్నది నువ్వే కదా. ఇప్పుడు నువ్వే లేపు."

విసిగిపోయిన నక్క అప్పుడు ఒక పని చేసింది. నేరుగా అంగడిపెద్ద దగ్గరికి పరుగెత్తి, ఒక మొరటు ఎద్దు దుకాణం తోవకు అడ్డం పడి వ్యాపారం చెడగొడుతోందని ఫిర్యాదు చేసింది. ఆ ఊరి అంగడిపెద్ద ఐరావతమ్మ అనే ముసలి ఏనుగు. ఆమె వస్తుంటే వీధి తనంతట తానే రెండుగా చీలి దారి ఇచ్చింది. ఆమె అడుగులకు గోతాలలోని గింజలు సన్నగా కదిలాయి.

"రుచి నోట ఉందా?" అని ఆమె ఎద్దును అడిగింది.

"ఉందమ్మా."

"అయితే ఎవరూ మాట్లాడకండి."

ఎద్దు మరికొంతసేపు నమిలాడు. తరువాత లేచి, తల వంచి నమస్కరించి, మెల్లగా చెప్పాడు: "ఈ గింజ నిప్పును చూసింది తల్లీ. పచ్చిగింజ కడుపులో నానితే ఉబ్బి, తిరిగి పంటికి వచ్చినప్పుడు పాలు వదులుతుంది. నేను ఎన్నో ఏళ్ళుగా విత్తనపు జొన్న తిన్నవాణ్ణి. ఇది జావై వచ్చింది. ఇది తినేవాడి ఆకలి తీరుస్తుంది. చల్లేవాడి కడుపు కొడుతుంది. నాకు చల్లడానికి కావాలి."

గర్తపాలుడు మండిపడ్డాడు. కొండవాడి కడుపును సాక్ష్యంగా తీసుకునే నగరం ఏదైనా ఉందా అని నక్క అడిగింది. ఒక్కడి కడుపు పొరబడవచ్చునని ఐరావతమ్మ కూడా ఒప్పుకుంది. ఆపైన, అంగడిలో నెమరు వేసే జాతులవారంతా వచ్చి కూర్చోవాలని ఆజ్ఞ ఇచ్చింది.

పదకొండుమంది వచ్చారు. గేదెలు, గొర్రెలు, పులితో కలిసి బారులో వచ్చిన దుప్పి, వంటపని ఆపి వచ్చిన మేకవ్వ, ఎడారి దాటి వచ్చిన ఒక ఒంటె. అందరికీ ఆ గోతంలోని గింజలే తట్టెడేసి పెట్టారు. అందరూ మింగి వీధి నడుమ వరుసగా పడుకున్నారు. ఆ తరువాత జరిగినదాన్ని విపణిపురంలో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

వీధి మూగబోయింది. గోరువంకలు నోరు కట్టుకున్నాయి. నదుల నీళ్ళు కలిసే చప్పుడు మొదటిసారిగా అంగడి నడుమకు వినవచ్చింది. పదకొండు జతల దవడలు ఏ తొందరా లేకుండా, ఎవరి లయలో వారు తిరుగుతున్నాయి. కళ్ళు అరమోడ్చి, తమ లోపలికి తామే చూసుకుంటున్న ఆ ముఖాల మీద ఎంత ప్రశాంతి ఉందంటే, చూస్తున్న వారు తమకు తెలియకుండానే మోకరిల్లారు. పండ్ల తట్టలతో వాలబోయిన కొంగలు గాలిలోనే మళ్ళి దూరంగా దిగాయి. పెద్దపులి కూడా వచ్చి ఒక మూల కూర్చుంది. చీల్చడమే తెలిసిన తన పళ్ళను పెదవుల వెనక దాచుకుని, ఇలా కూడా తినవచ్చునా అన్నట్టు చూసింది. భూమి ఇచ్చినదాన్ని తీసుకుని, దాచి, మళ్ళీ పైకి తెచ్చి, ఇచ్చిన ఆ తల్లిని మరోసారి తలచుకుంటూ నమలడం. స్థిరపాదుడు తానూ రోజూ చేసే ఆ పనిని మొదటిసారి బయటి నుంచి చూశాడు. నగరపు వింతలన్నిటి ముందు చిన్నబోయిన అతని మనసు నిటారుగా నిలబడింది.

"నిప్పు చూసింది," అన్నది పెద్ద గేదె. దుప్పి అదే మాట అన్నది. మేకవ్వ అన్నది, గొర్రెలన్నీ అన్నాయి. ఎవరితోనూ ఏకీభవించే అలవాటు లేని ఒంటె అందరికన్నా ఎక్కువసేపు నమిలి, మెడ చాచి, "నిప్పు చూసింది. ఆముదం కూడా పూశాడు," అన్నది.

గర్తపాలుడు తల దించుకున్నాడు. మృదువచనుడు మాత్రం మాటతో గెలవని రోజు ఎరగడు. "అమ్మా, చెమ్మ తగలకుండా కాస్త వెచ్చబెట్టి ఉంటాడు. అంతమాత్రాన మొలవకపోవడమేమిటి? మూడు రోజుల్లో మొలకెత్తుతుంది. నా నాలుక పూచీ," అన్నాడు.

"మంచిది," అన్నది ఐరావతమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "పురద్వారం పక్కన ఖాళీ నేల ఉంది. మీ చేతులతోనే అక్కడ దున్ని ఈ గోతాలన్నీ చల్లండి. మూడు రోజులో ముప్ఫై రోజులో, మొలక వచ్చేదాకా మీరిద్దరూ ఆ గట్టు మీద కావలి కూర్చోండి. మొలక వచ్చిన నాడు వచ్చి నాకు చెప్పండి. ఆ నాటి నుంచి మీ దుకాణం మీది, మీ యాత్రికులు మీవాళ్ళు. అప్పటిదాకా మరో పని లేదు."

నక్క నోరు తెరిచింది. వీధంతా ఎదురుచూసింది. అది మొదటి గోతాన్ని నోట కరుచుకుని ద్వారం వైపు ఈడ్చసాగింది.

స్థిరపాదుడు వీధి చివరి పిచ్చుక దంపతుల దుకాణానికి వెళ్ళాడు. మట్టి అంటిన జొన్నలు కొద్దిగా తిన్నాడు, పడుకున్నాడు, నెమరు వేశాడు. పళ్ళ మధ్య పాలు వచ్చాయి. తమ పూర్వకాలపు పెద్దల ధర్మాన్ని ఇంతసేపు నిలిపినవారు ఎవరూ లేరని ఆ ముసలి పిచ్చుకలు అతని చుట్టూ ఎగురుతూ పొంగిపోయాయి. అతడు గోతం మీద కాలు మోపి, తేనె గొట్టాలు దించి, విత్తనాలు మూపున వేసుకున్నాడు. మృగశిర తొలి జల్లుకు రెండు రోజుల ముందే కందరాచలం చేరాడు. ఆ యేడు కొండ వాలంతా పచ్చబడింది.

ఆ జల్లే విపణిపురం మీదా కురిసింది. ద్వారం పక్కన నక్కా పందికొక్కూ తడుస్తూ గట్టు మీద కూర్చున్నాయి. ఎక్కడ పచ్చచుక్క కనబడినా రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తి వంగి చూసేవి. గరికో, తుంగో అయ్యేది. బారులు తీరిన కొత్త యాత్రికులు వాళ్ళను చూసి, ఎంత శ్రద్ధగల రైతులో అనుకుని, ఏం పంట వేశారని మర్యాదగా అడిగేవారు. గర్తపాలుడు నక్క వైపు చూసేవాడు. మృదువచనుడు నేల వైపు చూసేవాడు.

కొత్త ఊళ్ళో కంటికి నచ్చినదాన్ని కడుపు ఒప్పుకునేదాకా ఆగగలిగినవాడిని ఎంతటి తీపిమాటా మోసం చేయలేదు.